బాట, ఎల్ల, కాలువ: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల పట్టణ చరిత్ర – వర్తమాన జీవనం

పరిచయం

తెలుగు సమాజ అధ్యయనంలో పల్లెకు, మహానగరానికి దక్కిన స్థానం చిన్న పట్టణానికి దక్కలేదు. హైదరాబాదుకు చేరువలోని శామీర్‌పేటను ఆధారం చేసుకొని ఎస్.సి. దూబే రచించిన ‘ఇండియన్ విలేజ్’ 1955లో వెలువడి, భారతీయ గ్రామ పరిశోధనకు ఒక ఒరవడి పెట్టింది. అంతకు పాతికేళ్లకు ముందే అమెరికాలో రాబర్ట్ లిండ్, హెలెన్ లిండ్ దంపతులు ఇండియానా రాష్ట్రంలోని మన్సీ అనే సాధారణ పట్టణాన్ని ఎన్నుకొని, అక్కడి జనం ఎలా సంపాదిస్తున్నారు, ఇల్లెలా నడుపుకుంటున్నారు, పిల్లలనెలా పెంచుతున్నారు, తీరిక వేళలెలా గడుపుతున్నారు, దేవుణ్ణెలా కొలుస్తున్నారు, ఊరి పనుల్లో ఎలా పాల్గొంటున్నారు అనే ఆరు కోణాల నుంచి పరిశీలించి, 1929లో ‘మిడిల్‌టౌన్’ పేరుతో ప్రచురించారు. ఏ ప్రత్యేకతా లేదనిపించే ఊరిని కూడా శాస్త్రీయంగా చదవవచ్చునని ఆ గ్రంథం నిరూపించింది. తెలుగులో అటువంటి ప్రయత్నం అరుదు. తెలంగాణ నవలను చూసినా వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ మొదలు దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ దాకా కథాభూమి ప్రధానంగా పల్లె, అందులోని గడి. పల్లె నుంచి నగరానికి వెళ్లే పాత్ర మధ్యలో బస్సు మారే పట్టణం చాలాసార్లు పేరుగానే మిగిలిపోతుంది.

ఉమ్మడి నల్గొండ జిల్లా తూర్పు, దక్షిణ భాగాల్లోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అటువంటి మూడు పట్టణాలు. 2011 జనాభా లెక్కల నాటికి సూర్యాపేట, మిర్యాలగూడ లక్ష దాటాయి. కోదాడ వాటికంటె చిన్నది. మూడూ ఒకే భాష, ఒకే పాలన, ఒకే ఉద్యమ చరిత్ర పంచుకున్నవే. అయినా వాటి పుట్టుకకు, పెరుగుదలకు కారణాలు వేరు. సూర్యాపేటను బాట పెంచింది, కోదాడను ఎల్ల నిలిపింది, మిర్యాలగూడను కాలువ మార్చింది. ఈ మూడు శక్తులూ ఆ పట్టణాల వెలుపల రూపొందినవే. బాట ఎటు పోవాలో, ఎల్ల ఎక్కడ గీయాలో, కాలువకు నీరెప్పుడు వదలాలో నిర్ణయించే అధికారం ఆ ఊళ్లకు ఎన్నడూ లేదు. తమ చేతిలో లేని వాటిపై ఆధారపడిన పట్టణం తనదైన జీవనాన్ని ఏ మేరకు నిర్మించుకోగలిగింది అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న.

పూర్వరంగం: స్థానం మారిన వైభవం

ఈ ప్రాంతపు ప్రాచీన కేంద్రాలు నేటి పట్టణాలు ఉన్నచోట లేవు. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి గుట్టపై శాతవాహన, ఇక్ష్వాకుల కాలాల నాటి బౌద్ధ స్తూప, విహారాల అవశేషాలు బయల్పడ్డాయి. అక్కడి తోరణ శిల్పాలు తొలినాటి దక్షిణాది బౌద్ధ కళకు ముఖ్యమైన ఆధారాలు. 2023లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఏర్పాటు చేసిన ప్రాచీన భారతీయ బౌద్ధ కళా ప్రదర్శనలో ఫణిగిరి శిల్పాలకూ చోటు దొరికింది. 2024 తవ్వకాల్లో 3,700కు పైగా సీసపు నాణేలు ఒకేచోట లభించాయి. అన్ని నాణేలు కూడిన చోట ఒకప్పుడు వర్తకం, రాకపోకలు సమృద్ధిగా ఉండేవని ఊహించడం కష్టం కాదు.

మధ్యయుగంలో ఆ వైభవం పిల్లలమర్రికి చేరింది. కాకతీయుల సామంతులైన రేచర్ల వంశీయులు 13వ శతాబ్ది ఆరంభంలో అక్కడ నిర్మించిన నామేశ్వర, ఎరకేశ్వర ఆలయాలు నేటికీ నిలిచి ఉన్నాయి. ఎరకేశ్వరాలయ నిర్మాణ కాలం 1208. రేచర్ల రాణి ఎరకసాని పేరు ఆ గుడికి స్థిరపడింది. 15వ శతాబ్దిలో ‘శృంగార శాకుంతలము’, ‘జైమిని భారతము’ రచించిన పినవీరభద్రుని ఇంటిపేరు ‘పిల్లలమర్రి’ కావడం ఈ ఊరికి సాహిత్య చరిత్రలోనూ స్థానం కల్పించింది. దక్షిణాన కృష్ణా, మూసీ నదులు కలిసే వాడపల్లిలో అగస్త్యేశ్వర, లక్ష్మీనరసింహ ఆలయాలు మరొక పాత కేంద్రానికి గుర్తులు.

ఇప్పుడు ఫణిగిరి, పిల్లలమర్రి, వాడపల్లి మూడూ గ్రామాలే. పిల్లలమర్రికి కొద్ది దూరంలోని సూర్యాపేట జిల్లా కేంద్రం. వాడపల్లి వాసులు పెద్ద అంగడికి వెళ్లేది మిర్యాలగూడకు. గుట్ట, చెరువు, నదీసంగమం ఆధారంగా వెలసిన కేంద్రాలు వెనుకబడి, బాటపక్కన, కాలువ కింద ఉన్న ఊళ్లు ముందుకు వచ్చాయి. ఊరి పేర్లలోనూ ఆ సామాన్యమైన పుట్టుక కనబడుతుంది. ‘పేట’ అంటే అంగళ్లుండే చోటు. ‘గూడ’ అనేది గూడెం వలె చిన్న ఆవాసాన్ని సూచించే మాట. సూర్యాపేటకు చెప్పుకునే ‘భానుపురి’ అనే పూర్వనామంలో సంస్కృత గౌరవం ఉన్నా, వాడుకలో నిలిచింది ‘పేట’.

బాట: సూర్యాపేట

గోల్కొండ సుల్తానుల కాలం నుంచి రాజధానికి సముద్రద్వారం మచిలీపట్నం. హైదరాబాదును కృష్ణా తీరంతో, అక్కడి నుంచి రేవుతో కలిపే తూర్పుదారి నేడు 65వ నంబరు జాతీయ రహదారిగా సాగుతున్నది. ప్రజల నోట అది ఇంకా పాత లెక్క ప్రకారం ‘తొమ్మిదో నంబరు రోడ్డే’. హైదరాబాదుకు సుమారు 135 కిలోమీటర్ల దూరంలో, విజయవాడకు ఇంచుమించు అంతే ఎడంలో, సరిగ్గా నడిమధ్యన ఉండడమే సూర్యాపేట ఎదుగుదలకు మూలం. ఎడ్లబండ్ల కాలంలో మజిలీగా, లారీల కాలంలో భోజనాల చోటుగా, ఆర్టీసీ కాలంలో బస్సులు ఆగే కూడలిగా ఆ ఊరు పెరిగింది. జిల్లా కేంద్రమైనా నేటికీ అక్కడికి రైలు లేదు. కనుక రోడ్డే దానికి సర్వస్వం.

బాట సరుకుతోపాటు అధికారాన్నీ, తిరుగుబాటునూ మోసింది. నిజాం పాలనలో సూర్యాపేట తాలూకా దేశముఖుల భూస్వామ్యానికి పేరుమోసింది. జన్నారెడ్డి ప్రతాపరెడ్డి అధీనంలో లక్షన్నర ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య తన సాయుధ పోరాట చరిత్రలో పేర్కొన్నారు. వెట్టి, నాగులు, బేదఖళ్లు అనే మాటలు ఆనాటి గ్రామీణ జీవితానికి పర్యాయాలయ్యాయి. కరివిరాలలో పుట్టిన భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం ఈ నేల నుంచే పోరాటంలోకి వచ్చారు. సంపన్న కుటుంబంలో పుట్టిన స్వరాజ్యం చిన్ననాడే వెట్టిని వ్యతిరేకిస్తూ, తాను పుట్టిన వర్గానికే ఎదురు నిలిచారు. తరువాతి కాలంలో 1978, 1983 ఎన్నికల్లో తుంగతుర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. భీమిరెడ్డి మిర్యాలగూడ నియోజకవర్గం నుంచి లోక్‌సభలో ప్రాతినిధ్యం వహించారు. ఆ నియోజకవర్గమే 2008 పునర్విభజనతో రద్దయింది.

1948 సెప్టెంబరు 13న బెజవాడ వైపు నుంచి బయలుదేరిన భారత సైనిక దళం కోదాడ మీదుగా ఈ బాటనే సాగింది. మరునాడు సూర్యాపేటపై వైమానిక దాడి జరిగింది. వెనుదిరిగిన నిజాం బలగాలు మూసీ వంతెనను కూల్చివేశాయి. సెప్టెంబరు 17న నిజాం లొంగిపోవడంతో ఒక పాలన ముగిసింది. అయితే సైన్యం వచ్చిన బాటే తరువాత మూడేళ్లపాటు పల్లెల్లో రైతుదళాల వేటకూ ఉపయోగపడింది. 1951 అక్టోబరు 21న పోరాటాన్ని విరమిస్తున్నట్లు కమ్యూనిస్టు పార్టీ ప్రకటించేదాకా ఈ ప్రాంతంలో శాంతి లేదు. కనుక సూర్యాపేట వాసుల జ్ఞాపకంలో ‘పోలీసు చర్య’ విముక్తిగానూ, నిర్బంధానికి ఆరంభంగానూ రెండు విధాలుగా నిలిచి ఉంది. ఏ కుటుంబం ఏ వైపున నిలబడిందన్న దాన్నిబట్టి ఆ జ్ఞాపకం రంగు మారుతుంది.

2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా కేంద్రమైంది. 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. కలెక్టరేటు, కోర్టులు, దవాఖానాలు, వ్యవసాయ మార్కెట్టు కలిసి, బాటకు తోడుగా పాలన అనే రెండో ఆధారాన్ని పట్టణానికి సమకూర్చాయి. ఈ మార్పు సరైన సమయంలోనే వచ్చిందనాలి. అప్పటికే నాలుగు వరుసల రహదారి ఊరిని తప్పించుకొని బైపాసుగా సాగిపోయింది. వెనుక పొట్టి శ్రీరాములు సెంటర్ మీదుగా సాగిన దూరప్రయాణాలు ఇప్పుడు ఊరి ముఖం చూడకుండానే దాటిపోతున్నాయి. ప్రయాణికుల భోజనం ఊరి నడిబొడ్డులోని హోటళ్ల నుంచి బైపాసు పక్కన వెలసిన విశాలమైన ఆహారశాలలకు మారింది. ఊరిలో మిగిలినవి ఊరివాళ్ల కోసం, చుట్టుపక్కల పల్లెల కోసం నడిచే దుకాణాలు. బాట వల్ల పుట్టిన పట్టణం బాట పక్కకు జరిగినా బతకగలదా అన్న ప్రశ్నకు జిల్లా కేంద్రం హోదా ఒక తాత్కాలిక సమాధానం. ఇదే రహదారిని ఆరు వరుసలకు విస్తరించాలన్న ప్రతిపాదన ఆ ప్రశ్నను మళ్లీ ముందుకు తెస్తున్నది.

ఎల్ల: కోదాడ, మునగాల

సూర్యాపేట నుంచి తూర్పుగా వెళ్తే మునగాల, ఆ తరువాత కోదాడ, ఆపై జగ్గయ్యపేట. నేడు గంటన్నర కూడా పట్టని ఈ ప్రయాణంలో 1940 ప్రాంతపు బాటసారి మూడుసార్లు ఏలుబడి మారేవాడు. సూర్యాపేట నిజాం రాజ్యం. మునగాల పరగణా చుట్టూ నిజాం భూభాగం ఉన్నా కృష్ణా జిల్లాకు చెందిన బ్రిటిషు జమీందారీ. దాన్ని దాటగానే కోదాడ మళ్లీ నిజాం రాజ్యం. జగ్గయ్యపేట తిరిగి బ్రిటిషు ఆంధ్రం. ఒకవైపు హాలీ సిక్కా, మరొకవైపు కంపెనీ రూపాయి. ఒకవైపు కచేరీలో ఉర్దూ, మరొకవైపు ఇంగ్లీషు. సరుకు రాజ్యం దాటితే కరోడ్‌గిరి నాకాలో సుంకం కట్టాలి. మనుషులు, చుట్టరికాలు, భాష మాత్రం రెండు వైపులా ఒక్కటే.

ఈ ఎల్ల తెలుగు సాంస్కృతిక చరిత్రకు అనుకోని మేలు చేసింది. మునగాల రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివానుగా ఉన్న కొమర్రాజు వెంకట లక్ష్మణరావు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయ స్థాపనకు ముఖ్య కారకులు. విజ్ఞాన చంద్రికా మండలి వెనుకనున్నదీ కొమర్రాజు వారి కృషే. నిజాం రాజ్యం నడుమ ఉండి నిజాం ఆంక్షలకు లోబడని చిన్న పరగణా, తెలంగాణలో తెలుగు చదువుకు దన్నుగా నిలిచింది. రాజా వారి నివాసమైన నడిగూడెంలో పింగళి వెంకయ్య కొంతకాలం గడిపారు. జాతీయ పతాక రూపకల్పనకు అక్కడే బీజం పడిందని స్థానికులు నేటికీ గర్వంగా చెప్పుకుంటారు. అయితే గ్రంథాలయానికి అండగా నిలిచిన ఆ జమీందారీలోనే 1930లలో రైతులు పన్నుల భారానికి, వెట్టికి వ్యతిరేకంగా ఉద్యమించారు. భాషాసేవను, భూస్వామ్యాన్ని ఒకే గడప కింద చూపించే మునగాల చరిత్రలో ఒకదాన్ని చెప్పి మరొకదాన్ని దాచడం న్యాయం కాదు.

కోదాడకు దగ్గరలోని చిలుకూరులో 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఎనిమిదో ఆంధ్ర మహాసభ ఆ సంస్థను రైతు సమస్యల వైపు మళ్లించిన సభల్లో ముఖ్యమైనది. రజాకార్ల దాడుల కాలంలో అనేక కుటుంబాలు ఎల్ల దాటి కృష్ణా జిల్లా గ్రామాల్లో తలదాచుకున్నాయి. కళలకూ ఈ ఎల్ల అడ్డు కాలేదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు పాటలు రాసిన చందాల కేశవదాసు కోదాడ సమీపంలోని తమ్మరలో జీవించారు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరణతో ఎల్ల చెరిగిపోయింది. 1959లో మునగాల పరగణా కృష్ణా జిల్లా నుంచి నల్గొండలో కలిసింది. తరువాతి అర్ధశతాబ్దంలో కోదాడ రెండు ప్రాంతాల కలయిక స్థలంగా ఎదిగింది. ఖమ్మం దారి, విజయవాడ దారి, హుజూర్‌నగర్ దారి కలిసే ఆ ఊరిలో పాఠశాలలు, ఇంజనీరింగు కళాశాలలు విస్తరించాయి. మేళ్లచెరువు, మఠంపల్లి పరిసరాల్లోని సున్నపురాతి నిల్వల ఆధారంగా వెలసిన సిమెంటు కర్మాగారాలు లారీల రాకపోకలను పెంచాయి. పెద్ద జబ్బు చేస్తే ఖమ్మం లేదా విజయవాడ, పెళ్లి బట్టలకు విజయవాడ, ఉద్యోగానికి హైదరాబాదు. కోదాడ కుటుంబాల జీవనపటం ఇలా మూడు దిక్కులకు పరచుకొని ఉంటుంది.

2014 జూన్ 2న ఎల్ల తిరిగి వచ్చింది. 2017 జులైలో వస్తుసేవల పన్ను అమలయ్యాక వాణిజ్య పన్నుల తనిఖీ కేంద్రాలు తొలగిపోవడంతో అది కంటికి కనబడని గీతగా మారింది. కాని అవసరమైనప్పుడు అది గోడగా లేవగలదని కరోనా కాలం చూపించింది. 2020 మార్చిలో హైదరాబాదు వసతిగృహాల నుంచి ఇళ్లకు బయలుదేరిన యువతీయువకులు రాష్ట్రాల హద్దు దగ్గర చిక్కుకుపోయారు. 2021 మే నెలలో ఆంధ్రప్రదేశ్ నుంచి రోగులతో వస్తున్న అంబులెన్సులను కోదాడ శివారులోని రామాపురం కూడలి వద్ద నిలిపివేశారు. తెలంగాణ హైకోర్టు జోక్యంతో ఆ ఆంక్ష ఆగింది. అటునుంచి ఇటు వైద్యానికి రావడం, ఇటునుంచి అటు చుట్టాలింటికి పోవడం నిత్యకృత్యమైన ఊరికి ఆ కొద్ది రోజులు ఒక పాఠం. ఎల్ల లేదనిపించినంత మాత్రాన అది లేకుండా పోదు.

కాలువ: మిర్యాలగూడ

1955 డిసెంబరు 10న నందికొండ వద్ద నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. లాల్‌బహదూర్ కాలువగా పేరుపొందిన ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలను తడుపుతూ ఖమ్మం వైపు సాగుతుంది. అంతకుముందు ఈ నేల ప్రధానంగా జొన్న, ఆముదాల నేల. చెరువు కింద, బావి కింద పండిన కొద్దిపాటి వరి అన్నం పండుగకే. కాలువ వచ్చాక ఒక్క తరంలోనే జొన్నగటక స్థానంలో వరిబువ్వ నిత్యాహారమైంది.

నీటితోపాటు మనుషులూ వచ్చారు. కాలువ సేద్యంలో అనుభవమున్న కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు అక్కడి కొద్దిపాటి పొలం అమ్మి, ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు కొన్నారు. నీరు వచ్చాక భూమి విలువ ఏమవుతుందో వారికి తెలిసినంతగా స్థానిక మెట్టరైతుకు తెలియలేదు. ముందే అమ్ముకున్నవాడు తన పూర్వపు చేలోనే కూలీగా మారిన సందర్భాలు ఆయకట్టు పల్లెల్లో అందరికీ తెలిసినవే. వలసవచ్చినవారి నివాసాలకు ‘క్యాంపు’ అనే పేరు స్థిరపడింది. భాషలో ఆ కలయిక ఆనవాళ్లు నేటికీ వినవచ్చు. నిజాం రెవెన్యూ దస్త్రాల ‘ఆబీ, తాబీ’, తెలంగాణ రైతు ‘వానకాలం, యాసంగి’, కోస్తా నుంచి వచ్చిన ‘సార్వా, దాళ్వా’, ప్రభుత్వ పత్రాల ‘ఖరీఫ్, రబీ’. ఒకే పంటకాలానికి నాలుగు వాడుకలు ఒకే మార్కెట్టులో చెల్లుబాటయ్యాయి. ఏ మాట వాడాడన్న దాన్నిబట్టి వక్త మూలాన్ని గుర్తించగల చెవి మిర్యాలగూడ వ్యాపారిది.

పండిన వడ్లకు మర అవసరం కనుక మిల్లులు వెలిశాయి. బాపట్ల పరిశోధనా కేంద్రం 1986లో విడుదల చేసిన సాంబా మసూరి వంటి సన్నరకాలు ఆ గిరాకీని పెంచాయి. 1980ల చివర బీబీనగర్–నడికుడి రైలుమార్గం పూర్తికావడం రవాణాకు తోడైంది. నేడు పట్టణం చుట్టూ వందకు పైగా మిల్లులున్నాయి. వడ్లు వచ్చాక తేమ చూస్తారు. ప్రభుత్వ కొనుగోలుకు 17 శాతం హద్దు. పచ్చివడ్లను నేరుగా కొనగల యంత్రసామర్థ్యం ఇక్కడి మిల్లుల ప్రత్యేకత. కనుక కోతయంత్రం దించిన ధాన్యాన్ని ఆరబెట్టే కల్లం కూడా లేని రైతు ట్రాక్టరు కట్టుకొని నేరుగా మిర్యాలగూడకే వస్తాడు. ప్రభుత్వ లెక్కలో నూరు కిలోల వడ్లకు 67 కిలోల పచ్చిబియ్యం, లేదా 68 కిలోల ఉప్పుడుబియ్యం అప్పగించాలి. మిగిలిన తవుడు నూనెకు, ఊక బాయిలరుకు, నూకలు వేరే అంగడికి పోతాయి. ఆ ఊక కాలిన బూడిద పట్టణపు మేడలపైన, ఆరేసిన బట్టలపైన రాలుతుంది. బస్తాలు మోసే హమాలీల్లో బీహారు నుంచి వచ్చినవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఒకప్పుడు కోస్తా నుంచి పెట్టుబడి వలసవస్తే, ఇప్పుడు గంగా మైదానం నుంచి శ్రమ వలసవస్తున్నది.

ఈ సిరి ఎంత బలమైనదో అంత బలహీనమైనది. పంట ఒక్కసారిగా కోతకు వస్తే మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరుతాయి. పోలీసులు టోకెన్లు ఇచ్చి వరుస నడిపించవలసి వచ్చిన సంవత్సరాలున్నాయి. పంటే లేకపోతే మర ఆగిపోతుంది. 2023లో కృష్ణా పరీవాహకంలో వానలు ముఖం చాటేయడంతో ఆ యాసంగి ఎడమకాలువ ఆయకట్టు బీడుపడింది. మరుసటి ఏడాది పరిస్థితి తలకిందులై, 2024 సెప్టెంబరు 1 నాటి కుండపోత వానలకు నడిగూడెం మండలంలో ఇదే కాలువ తెగి పొలాలను ముంచింది. అదే రోజు కోదాడ జలమయమై, విజయవాడ రహదారిపై రాకపోకలు స్తంభించాయి. బాట, ఎల్ల, కాలువ మూడూ ఒకే నాడు తెగిపోయిన ఆ ఘటన ఈ పట్టణాల జీవనం ఎంత సన్నని ఆధారాలపై నిలిచి ఉందో వెల్లడించింది. ఇప్పుడు దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్కేంద్రం రూపుదిద్దుకున్నది. మిర్యాలగూడ చరిత్రలో కాలువ తరువాత మరొక పెద్ద మలుపు దానితో మొదలైంది.

పట్టణం తనంతట తాను

బయటి శక్తులే చరిత్రగా చెప్పి ఊరుకుంటే పట్టణవాసులు ప్రేక్షకులుగా మిగిలిపోతారు. వారు స్వయంగా చేసిన వాటిలో రెండు ఇక్కడ గుర్తించదగినవి. మొదటిది చెత్త సంగతి. 2003 ప్రాంతంలో సూర్యాపేట పురపాలక సంఘం కమిషనర్ ఖాదర్ సాహెబ్ చొరవతో తడిచెత్త, పొడిచెత్తలను ఇంటివద్దనే వేరుచేసే పద్ధతిని అమలు చేసింది. వీధికుండీలు తొలగించి, తడిచెత్తను ఎరువుగా మార్చి, పొడిచెత్తను అమ్మి, ఆదాయం పొందింది. పెద్ద నగరాలు ఈ మాట ఎత్తక మునుపే లక్ష జనాభా పట్టణం దాన్ని ఆచరించి చూపింది. ఇతర రాష్ట్రాల అధికారులు సైతం చూసి వెళ్లారు. ఊరు తన గురించి తాను నిర్ణయం తీసుకున్న ఘట్టమిది.

రెండవది దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర. సూర్యాపేట శివారులో రహదారి పక్కనున్న గట్టుపై రెండేళ్లకోసారి మాఘమాసంలో లింగమంతుల స్వామికి యాదవులు ప్రధానంగా జరిపే ఈ ఉత్సవం మేడారం తరువాత తెలంగాణలో అంతటిది. దేవరపెట్టె, భేరీల మోత, గజ్జెల లాగులు, గంపలెత్తుకున్న స్త్రీలు, ‘ఓ లింగా’ అనే నామస్మరణ మధ్య పల్లెలకు పల్లెలే గట్టెక్కుతాయి. ఆ రోజుల్లో హైదరాబాదు–విజయవాడ భారీ వాహనాలను నార్కట్‌పల్లి దగ్గరే మళ్లించి నల్గొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు పంపుతారు. ఏడాది పొడవునా ఊరిని తోసుకుంటూ పోయే బాట, జాతర ఐదు రోజులూ ఊరికి దారి ఇస్తుంది. కాపరుల దేవుడి కోసం జాతీయ రహదారి పక్కకు తప్పుకోవడంలో ఈ ప్రాంతపు సమష్టిశక్తి కంటికి కనబడుతుంది. హుజూర్‌నగర్ వైపు జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉర్సుకు హిందూముస్లిములు కలిసి వెళ్లడమూ ఇటువంటిదే.

ఇదే సమాజానికి మరొక ముఖమూ ఉంది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, కులాంతర వివాహం చేసుకున్న ఒక దళిత యువకుణ్ణి గర్భవతియైన భార్య కళ్లముందే పట్టపగలు నరికి చంపారు. 2025 మార్చిలో నల్గొండ న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, మరి ఆరుగురికి జీవితఖైదు విధించింది. పట్టణం వేర్వేరు కులాల పిల్లలను ఒకే బడిలో కూర్చోబెట్టగలిగింది. వారి ఎంపికను గౌరవించే మనసును పెద్దలకు ఇవ్వలేకపోయింది. గడిని ఎదిరించిన నేలపైనే, భూమి, స్థిరాస్తి వ్యాపారాలతో పెరిగిన కొత్త సంపద పాత పెత్తనపు భాషలో మాట్లాడిన సందర్భమది. సాయుధ పోరాటం భూమి ప్రశ్నను లేవనెత్తినంత బలంగా కులం ప్రశ్నను పరిష్కరించలేదన్న విమర్శకు ఇక్కడ విషాదకరమైన సాక్ష్యం దొరుకుతుంది.

కూడళ్లలోని విగ్రహాలు కూడా ఊరి జ్ఞాపకాన్ని చదివే పాఠాలే. 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణాలర్పించిన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు విగ్రహం మరుసటి ఏడాదే పట్టణంలో నెలకొన్నది. పోరాట తరం జ్ఞాపకం అంత స్పష్టంగా కంటికి కనబడదు. అది ఎక్కువగా స్తూపాలపైన, వృద్ధుల మాటల్లో, ఆత్మకథల్లో మిగిలింది. 2022 మార్చి 19న మల్లు స్వరాజ్యం మరణంతో ఆ తరపు ముఖ్యమైన గొంతు ఒకటి మూగబోయింది. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ వంటి మౌఖిక చరిత్ర గ్రంథం లేకపోతే ఆ తరం స్త్రీల మాట చాలావరకు నమోదు కాకుండానే పోయేది. పట్టణపు సాధారణ జనం, అంటే హమాలీలు, హోటలు కార్మికులు, మిల్లు గుమాస్తాలు, క్యాంపు స్త్రీలు, ఇంకా అటువంటి నమోదు కోసం వేచి ఉన్నారు.

ముగింపు

పిల్లలమర్రి నుంచి సూర్యాపేటకు, వాడపల్లి నుంచి మిర్యాలగూడకు మారిన ప్రాధాన్యం ఇక్కడితో ఆగిపోతుందనే భరోసా లేదు. బైపాసు, ఎల్ల, నీటిమట్టం మూడూ ఇంకా ఇతరుల నిర్ణయాలే. అయితే సూర్యాపేట చెత్తను వేరుచేసిన తీరు, పెద్దగట్టు జాతర రహదారిని మళ్లించిన తీరు చిన్న పట్టణానికీ తనదైన ఇచ్ఛ ఉంటుందని చూపుతున్నాయి. మిర్యాలగూడ హత్య ఆ ఇచ్ఛ ఎటు పోరాదో చూపుతున్నది. మునగాల పరగణా గ్రంథాలయోద్యమాన్నీ రైతు ఉద్యమాన్నీ కలిపి, కాలువను ‘ఆబీ–తాబీ’ నుంచి ‘సార్వా–దాళ్వా’ దాకా సాగిన పలుకుబడితో కలిపి చదివినప్పుడే ఈ ఊళ్ల చరిత్ర పూర్తిగా అర్థమవుతుంది. పట్టణ చరిత్రను ఆ విధంగా సేకరించే పని తెలుగు శాఖలది కూడా. కాలువ రాకముందు జొన్నచేలు చూసినవారు, ఎల్ల దాటి తలదాచుకున్నవారు ఇప్పుడు ఎనభై, తొంభై ఏళ్ల పండుముసలివారు. ఆ మాటలను నమోదు చేయడానికి మిగిలిన వ్యవధి కొద్ది సంవత్సరాలే.